పిల్లల కోసం తీయలేదు కాబట్టే

1940 ఫిబ్రవరి 10న అమెరికాలో ఎంజీఎం సంస్థ ఒక చిన్న కార్టూన్ సినిమా విడుదల చేసింది. పేరు ‘పస్ గెట్స్ ద బూట్’. అందులో పిల్లి పేరు జాస్పర్. ఎలుకకు తెర మీద పేరే లేదు. ఇంకొక్క వస్తువు పగిలిందంటే ఇంట్లోంచి గెంటేస్తానని పనావిడ పిల్లిని హెచ్చరిస్తుంది. ఆ మాట ఎలుక చెవిన పడుతుంది. ఇక గాజు గ్లాసు పట్టుకుని ఎలుక బల్ల అంచున నిలబడటం, పిల్లి గుండె గుప్పిట్లో పెట్టుకుని వెనక్కి తగ్గడం. అంతే కథ. తీసిన ఇద్దరి పేర్లూ టైటిళ్లలో లేవు. పైన ఉన్న రుడాల్ఫ్ ఐసింగ్ పేరొక్కటే వేశారు. పేరు పడని ఆ ఇద్దరు విలియం హన్నా, జోసెఫ్ బార్బెరా.

ఎంజీఎం కార్టూన్ విభాగానికి పెద్దయిన ఫ్రెడ్ క్వింబీకి ఆ సినిమా మీద పెద్ద గురి లేదు. ఒకటి తీశారు, చాలు, ఇక వేరే కథలు చూసుకోండన్నది ఆయన వైఖరి. ఇంతలో టెక్సస్‌లో సినిమా హాళ్ల వ్యాపారంలో ఉన్న బీసా షార్ట్ అనే ఆవిడ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. ఆ పిల్లీ ఎలుకా సినిమాలు ఇంకా వస్తాయా అని అడిగింది. తోడుగా ఆస్కార్ నామినేషన్ కూడా వచ్చింది. అప్పుడు గానీ క్వింబీ దిగిరాలేదు. స్టూడియోలో పేర్ల పోటీ పెట్టారు. జాన్ కార్ అనే యానిమేటర్ చెప్పిన పేరు నెగ్గింది, ఆయనకు 50 డాలర్లు ముట్టాయి. జాస్పర్ కాస్తా టామ్ అయ్యాడు, పేరులేని ఎలుక జెర్రీ అయింది.

ఆ జోడీకి ఎనభై అయిదేళ్లు పైబడ్డాయి. తెలుగిళ్లలో ఎప్పుడూ కీచులాడుకునే అన్నాచెల్లెళ్లకు ఆ పేరు ఎన్నడో స్థిరపడిపోయింది. మూడేళ్ల పిల్ల, ముప్ఫయ్యేళ్ల తల్లి, డెబ్బయ్యేళ్ల తాత ఒకే సోఫాలో కూర్చుని ఒకే దృశ్యానికి నవ్వే సందర్భాలు మన టీవీల్లో వేళ్ల మీద లెక్కపెట్టాలి. అందులో ఇదొకటి. ఎందుకిలా అంటే చాలామంది చెప్పే కారణం, మాటలు లేకపోవడం. అది సగం నిజమే. మాటలు లేని కార్టూన్లు ప్రపంచంలో బోలెడు వచ్చాయి, చడీచప్పుడూ లేకుండా పోయాయి. అసలు కారణం వేరే ఉందని మా అభిప్రాయం. టామ్ అండ్ జెర్రీని పిల్లల కోసం తీయలేదు.

ఆ రోజుల్లో అమెరికాలో టికెట్టు కొని హాల్లోకి వెళ్తే పెద్ద సినిమా ఒక్కటే వేసేవారు కాదు. వార్తాచిత్రం, ఏడెనిమిది నిమిషాల కార్టూన్, ఇంకో చిన్న చిత్రం, వాటితో పాటు అసలు సినిమా. ఆ చీకట్లో కూర్చున్నవాళ్లలో ఫ్యాక్టరీలో పని దిగి వచ్చినవాడున్నాడు, పిల్లల్ని వెంటేసుకొచ్చిన తల్లి ఉంది, యుద్ధం మొదలయ్యాక సెలవు మీద వచ్చిన సైనికుడున్నాడు. వీళ్లలో ఎవరి వయసు చూసి సినిమా తీయాలి? ఎవరిదీ చూడలేదు. దొరికిన ఏడు నిమిషాల్లో హాలు హాలంతా నవ్వాలి, అదొక్కటే షరతు.

ఈ పద్ధతి మనవాళ్లకు కొత్తదేం కాదు. తోలుబొమ్మలాటలో రాత్రంతా రామాయణమో భారతమో సాగుతుంటే మధ్యమధ్య జుట్టుపోలిగాడు, బంగారక్క, కేతిగాడు తెర మీదికి దూకి, తిట్టుకుని, తన్నుకుని, కునుకు తీస్తున్న జనాన్ని లేపి పోతారు. వాళ్ల మాటల్లో సగం పిల్లలకు అర్థం కావు. కాకపోవడమే మంచిది కూడా. అయినా పిల్లలు పొట్ట పట్టుకుని నవ్వుతారు, తన్నులకు. పెద్దలు నవ్వేది మాటలకు. బొమ్మలాడించేవాడు ఇది పిల్లలకు, ఇది పెద్దలకు అని రెండు ఆటలు కట్టడు.

హన్నా, బార్బెరా పని పంచుకున్న తీరు చూస్తే ఆ హాస్యం ఎలా తయారైందో తెలుస్తుంది. న్యూయార్క్ నుంచి వచ్చిన బార్బెరా చేయి తిరిగిన బొమ్మలవాడు. కథ, కొంటె ఊహలు, స్టోరీబోర్డు ఆయనవి. హన్నాకు సంగీతం తెలుసు. ఏ కదలిక ఎన్ని ఫ్రేములు ఉండాలి, పెనం ఎత్తాక ఎంతసేపు ఆగి దించాలి అన్న లెక్క ఆయనది. సెకనుకు 24 ఫ్రేముల చొప్పున ఏడు నిమిషాల సినిమాకు పదివేలకు పైగా ఫ్రేములు. వాటిలో ఒక్కో దెబ్బకు ముందు వచ్చే ఆ చిన్న విరామాన్ని హన్నా తాళం వేసినట్టు లెక్క కట్టేవాడు. దెబ్బ తిన్నాక టామ్ పెట్టే కేక కూడా ఆయన గొంతే. ఆ గావుకేకను ఇవాళ్టి కుర్రాళ్లు మీమ్‌లలో వాడుకుంటున్నారు గానీ, అది దర్శకుడి గొంతని చాలామందికి తెలియదు.

వీళ్లకు మూడో మనిషి సంగీత దర్శకుడు స్కాట్ బ్రాడ్లీ. మనం ఆయన్ని మరచిపోవడం అన్యాయం. ఎలుక మునివేళ్ల మీద నడిస్తే ఒక వాద్యం, పిల్లి గోడకు కొట్టుకుంటే ఒక వాద్యం, మధ్యలో జాజ్, అంతలోనే శాస్త్రీయ సంగీతం. 1944లో వచ్చిన ‘పుట్టిన్ ఆన్ ద డాగ్’లో అయితే స్వరకర్త షోన్‌బర్గ్ పన్నెండు స్వరాల పద్ధతిని కూడా వాడేశాడు. కచేరీలో వింటే సామాన్య శ్రోత లేచి వెళ్లిపోయే సంగీతమది. కుక్కల మధ్య ఇరుక్కున్న పిల్లీ ఎలుకల కంగారుకు దాన్ని జోడిస్తే ఎవరూ లేవలేదు సరికదా, నవ్వారు. మాటలు లేవంటాం గానీ ఈ కార్టూన్లలో మాట్లాడని క్షణం లేదు. ఆ మాటలన్నీ బ్రాడ్లీ వాద్యబృందానివి. టీవీ శబ్దం పూర్తిగా తగ్గించి ఒక భాగం చూడండి. సగానికి సగం నవ్వు రాదు.

‘ద క్యాట్ కాన్సెర్టో’ దగ్గర కాస్త ఆగాలి. టామ్ నల్ల కోటు వేసుకుని కచేరీ వేదిక మీదికి వస్తాడు. జనానికి నమస్కరించి పియానో ముందు కూర్చుంటాడు. స్వరకర్త లిస్ట్ రాసిన రెండో హంగేరియన్ రాప్సొడీ మొదలుపెడతాడు. పియానో లోపల తీగల్ని కొట్టే సుత్తుల మీద జెర్రీ పడుకుని ఉంటాడు. సుత్తులు కదిలేసరికి నిద్ర చెడుతుంది. అక్కణ్నుంచి సినిమా అంతా ఒకటే పోరు. అయితే టామ్ వాయించడం మాత్రం ఆపడు. జెర్రీ మూత ఎత్తి టామ్ వేళ్ల మీద పడేస్తాడు. కుడిచివరి మెట్లు పీకి ఆ చోట ఎలుకల బోను పెడతాడు. టామ్ వేళ్లు ఆ బోనుకు అటూ ఇటూ తగలకుండా ఎన్నోసార్లు పోయి వస్తాయి. ప్రతిసారీ మనకు ఊపిరి ఆగుతుంది. చివరికి పడనే పడుతుంది.

ఆ బోను టక్కున మూసుకోగానే ఇంట్లో చిన్నపిల్ల నవ్వుతుంది. తల్లి నవ్వేది అక్కడ కాదు, అంతకు ముందే. నలుగురి ముందు పరువు పోకూడదని పళ్లు బిగించి వాయిస్తున్న టామ్ మొహం చూసి నవ్వుతుంది. ఆఫీసులో పైవాడి ముందు తలనొప్పి దాచుకున్నవాళ్లకు ఆ మొహం బాగా తెలుసు. సంగీతం తెలిసిన తాత ఉంటే ఆయన ఇంకోచోట నవ్వుతాడు. లిస్ట్ పాట నడుస్తుండగా జెర్రీ సుత్తుల మీద గెంతి దాన్ని ఉన్నట్టుండి బజారు పాటగా మార్చేసే చోట. టామ్ వేళ్లు చాలాచోట్ల వినిపిస్తున్న స్వరానికి సరైన మెట్ల మీదే పడతాయి. పియానో వాయించేవాళ్లు ఇప్పటికీ ఇది చూపించి ఆశ్చర్యపోతుంటారు. హాల్లో కూర్చున్న వెయ్యి మందిలో దాన్ని గమనించేవాళ్లు పదిమంది కూడా ఉండరు. అయినా ఆ పదిమందినీ వదలలేదు. అన్ని వయసులకూ నచ్చడమంటే అందరికీ అర్థమయ్యే స్థాయికి దించడం కాదని ఈ ఒక్క సినిమా చూసినా తెలుస్తుంది. చివర్లో టామ్ అలసి పియానో మీద కూలబడతాడు. దీపపు వెలుగు కోటు తొడుక్కున్న జెర్రీ మీద పడుతుంది, చప్పట్లు వాడికి.

దీనికి 1946 సంవత్సరపు ఆస్కార్ వచ్చింది. అదే ఏడాది వార్నర్ సంస్థ బగ్స్ బన్నీతో ఇదే రాప్సొడీ మీద ‘రాప్సొడీ రాబిట్’ తీసింది. నువ్వు కాపీ కొట్టావంటే నువ్వు కొట్టావని రెండు స్టూడియోలూ దుమ్మెత్తిపోసుకున్నాయి. 1943 నుంచి పదేళ్లలో టామ్ అండ్ జెర్రీకి మొత్తం ఏడు ఆస్కార్లు వచ్చాయి. ఏడూ నిర్మాత హోదాలో క్వింబీ వెళ్లి అందుకున్నాడు. ఒకటి చాలు, వేరే పని చూసుకోండన్న పెద్దమనిషి! సినిమా పరిశ్రమ ఎక్కడైనా సినిమా పరిశ్రమే.

పెద్దల కోసం అనగానే పెద్దలకు మాత్రమే అనుకోకూడదు. 1944 నాటి ‘మౌస్ ట్రబుల్’లో టామ్‌కి పోస్టులో ఒక పుస్తకం వస్తుంది: ఎలుకను పట్టడం ఎలా? అందులో చెప్పినవన్నీ వరసపెట్టి చేస్తాడు. మూలకు చిక్కిన ఎలుక ఎదురు తిరగదని పుస్తకంలో ఉంటుంది. టామ్ జెర్రీని మూలకు తరిమి లోపలికి దూకుతాడు. కాసేపటికి చితికిపోయిన మొహంతో బయటికొచ్చి, ఆ మాట నమ్మొద్దని మనతో చెబుతాడు. తుపాకీ గొట్టం ఎలుక కన్నంలో పెడితే అది గోడ లోపల వంకర తిరిగి టామ్ తల మీదికే బయటికొస్తుంది. పేలుతుంది. నడినెత్తి మీద జుట్టు పోతుంది. అక్కణ్నుంచి సినిమా అయిపోయేదాకా టామ్ నెత్తి మీద ఒక నారింజరంగు విగ్గు. ఎవరూ దాని గురించి ఒక్క మాట అనరు. ఆ విగ్గు అలా ఉండిపోవడంలోనే ఉంది హాస్యమంతా. ఇలాంటివి చదివి నేర్చుకోవచ్చని నమ్మి పుస్తకాలు కొన్నవాళ్లు ఎవరైనా, వ్యక్తిత్వ వికాసం నుంచి వంటల దాకా, టామ్ పక్షాన నిలబడక తప్పదు.

నిజానికి ఇదో విచిత్రం. చిన్నప్పుడు అందరం జెర్రీ పక్షం. వయసు మీరేకొద్దీ టామ్ వైపు జరుగుతాం. ఆలోచిస్తే టామ్ చేస్తున్నది ఉద్యోగం. ఎలుకను పట్టకపోతే పనావిడ చీపురు తీస్తుంది. పట్టబోతే ఇల్లు ధ్వంసమై మళ్లీ అదే చీపురు. కుక్క స్పైక్ ఒకటి, కారణం ఉన్నా లేకపోయినా తన్నడానికి సిద్ధం. జెర్రీకి ఇల్లు, తిండి, ఖాళీ సమయం అన్నీ ఉన్నాయి. చాలా సినిమాల్లో గిల్లికజ్జా మొదలుపెట్టేది కూడా వాడే. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అన్న మన సామెత ఈ ఇంట్లో చెల్లదు.

1949లో వచ్చిన ‘హెవెన్లీ పస్’లో టామ్ పియానో కింద పడి చచ్చి స్వర్గానికి పోతాడు. అక్కడొక రైల్వే స్టేషను, గేటు దగ్గర గుమాస్తా, చేతిలో చిట్టా. ‘యమగోల’, ‘యమలీల’ చూసినవాళ్లకు ఆ కౌంటరు కొత్తగా ఉండదు. ఎలుకను జీవితాంతం వేధించావు, నీకు ప్రవేశం లేదంటాడు గుమాస్తా. అయితే ఒక వెసులుబాటు: గంటలోగా క్షమించానని జెర్రీ సంతకం పెట్టిన కాగితం తెస్తే రైలెక్కొచ్చు. ఆలోగా తేకపోతే కింద మరుగుతున్న కొప్పెర సిద్ధం. టామ్ ముందు వరసలో తడిసిన గోనెసంచి ఒకటి వస్తుంది, అందులోంచి మూడు పిల్లికూనలు. ఎవరో సంచిలో మూటగట్టి నీళ్లలో పడేశారన్నమాట. పిల్లలు దాన్ని దాటుకుని వెళ్లిపోతారు. పెద్దలకు నవ్వు ఒక్క క్షణం గొంతులో ఆగుతుంది. అంత చీకటి ముక్కని నవ్వుల సినిమాలో పెట్టే ధైర్యం, పిల్లల కోసమే తీసేవాడికి ఉండదు.

ఈ చీకటి మీద పుట్టిన పుకారొకటి సోషల్ మీడియాలో ఏటా చక్కర్లు కొడుతుంది. ప్రేమలో దెబ్బతిన్న టామ్, జెర్రీ ఇద్దరూ రైలు పట్టాల మీద కూర్చుంటారు, అదే ఆఖరి భాగం, అక్కడితో చచ్చిపోయారని. అది 1956 నాటి ‘బ్లూ క్యాట్ బ్లూస్’. దాని తర్వాత కూడా హన్నా, బార్బెరా తీసినవి ఇంకా వచ్చాయి. వాళ్ల చివరిది 1958లో వచ్చిన ‘టాట్ వాచర్స్’. అందులో ఇద్దరూ కలిసి పాకుతూ వెళ్లిపోయే పసివాణ్ని కాపాడలేక నానా తిప్పలు పడతారు.

అసలు చావు వేరే తీరున వచ్చింది, లెక్కల పుస్తకంలోంచి. పెద్ద సినిమాతో పాటు చిన్నవి కూడా తీసుకోవాల్సిందేనని హాళ్ల మెడ మీద కూర్చునే పద్ధతిని 1948లో అమెరికా సుప్రీంకోర్టు కొట్టేసింది. హాళ్లకు చిన్న చిత్రాల అవసరం తగ్గింది. ఇంతలో టీవీ ఇళ్లలోకి వచ్చింది. పాత కార్టూన్లనే మళ్లీ విడుదల చేసినా కొత్తవాటికి దగ్గరగా డబ్బు వస్తోందని ఎంజీఎం లెక్క తేల్చుకుంది. 1957లో కార్టూన్ విభాగానికి తాళం పడింది. వ్యాపారంగా చూస్తే ఆ లెక్కలో తప్పు లేదు. పదిహేనేళ్ల కిందటి సినిమా కొత్తదానితో సమానంగా ఆడుతోందంటే ఆ సినిమా ఎంత గట్టిదో ఆలోచించాల్సింది. ఇక కొత్తది అక్కర్లేదనుకున్నారు వాళ్లు.

హన్నా, బార్బెరా సొంత కంపెనీ పెట్టి టీవీకి వెళ్లారు. యోగీ బేర్, ఫ్లింట్‌స్టోన్స్, స్కూబీ డూ అక్కడివే. టీవీ డబ్బుతో పదివేల ఫ్రేములు గీయడం కుదరదు. ఒళ్లు కదలకుండా నోరు, చేయి మాత్రం కదిలే చవక పద్ధతి ఎంచుకున్నారు. కదలిక తగ్గిన చోట మాట పెరిగింది. వాటిలోనూ మంచివి ఉన్నాయి. కానీ టామ్ అండ్ జెర్రీ ఆ పద్ధతికి లొంగే సరుకు కాదు.

తర్వాత వచ్చినవాళ్ల అవస్థ చూస్తే ఇది తెలుస్తుంది. 1961, 62లో జీన్ డైచ్ ప్రాగ్ నగరంలో కూర్చుని 13 తీశాడు. కొద్ది డబ్బు, పాత సినిమాలు పెద్దగా చూడని బొమ్మలవాళ్లు. పైగా ఆ దెబ్బలాటలంటే డైచ్‌కే పడదు. మాటలు అందులోనూ లేవు. కానీ గుహలోంచి వచ్చినట్టుండే ఆ ధ్వనులు, అతుకుల బొంతలాంటి కదలికలు చూసి పిల్లలు కూడా ఇదేదో వేరే పిల్లి అని పసిగట్టారు. నిశ్శబ్దం ఒక్కటే సరిపోదనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. 1963 నుంచి 67 దాకా చక్ జోన్స్ 34 తీశాడు. గీత అందంగా ఉంటుంది, కనుబొమలు గొప్పగా పలుకుతాయి, పరుగు మాత్రం మందం. 1975లో హన్నా, బార్బెరాలే టీవీ కోసం మళ్లీ తీశారు. టీవీ నిబంధనల పుణ్యమా అని ఈసారి టామ్, జెర్రీ స్నేహితులు. జెర్రీ మెడకు ఎర్ర బో కట్టారు. ఇద్దరూ కలిసి ఊళ్లు తిరిగారు. పిల్లలకు మంచిదే నేర్పాలన్న సదుద్దేశంతో చేసిన ఆ మార్పు ఎవరికీ గుర్తు కూడా లేదు. 1992 నాటి పెద్ద సినిమాలో ఇద్దరి చేతా మాట్లాడించి పాటలు పాడించారు. దాని సంగతి వదిలేద్దాం.

హింస సంగతి కూడా ఇక్కడే తేల్చుకోవాలి. ఇంత కొట్లాట పిల్లలు చూడొచ్చా అని తల్లిదండ్రులు అడగడం సబబే. అయితే అక్కడ నెత్తురుండదు, నొప్పి మిగలదు. పెనం దెబ్బకు టామ్ మొహం పెనంలా అవుతుంది, మరుక్షణం మామూలే. ఇది నిజం కాదని నాలుగేళ్ల పిల్లకు తెలుసు, పాలగ్లాసు పగలగొడితే అమ్మ ఏం చేస్తుందో కూడా తెలుసు. ఇవాళ పిల్లలు ఫోన్లో ఆడే తుపాకీ ఆటలు పక్కన పెట్టి చూస్తే, టామ్ మీద నేరం మోపడానికి మాకు మనసొప్పదు.

మనసొప్పే నేరం ఒకటుంది. కాళ్లు, చీపురు, చెప్పులు మాత్రమే కనిపించే ఆ లావుపాటి ఆవిడ. మనిళ్లలో ఆమెను ఇంటి యజమానురాలనే అనుకున్నాం. అమెరికా ప్రేక్షకుడికి ఆమె నల్లజాతి పనిమనిషి. గొంతు ఇచ్చింది లిలియన్ రాండల్ఫ్ అనే నల్లజాతి నటి. లావు, గయ్యాళితనం, ఒక యాస: తెల్లవాళ్ల వినోదాల్లో తరతరాలుగా అరిగిపోయిన అచ్చు అది. నల్లజాతీయుల హక్కుల సంఘం ఎన్ఏఏసీపీ అభ్యంతరం చెప్పింది. 1952 తర్వాత ఆమె తెర మీదికి రాలేదు. 1960లలో టీవీకి ఇచ్చేటప్పుడు కొన్నిచోట్ల ఆ కాళ్లకు తెల్లరంగు వేసి, ఐరిష్ యాసతో కొత్త గొంతు పెట్టారు. బాంబు పేలగానే టామ్ మొహం నల్లబడి పెదాలు పెద్దవయ్యే దృశ్యాలు కూడా అదే కోవలోవి, వాటిని చాలాచోట్ల కత్తిరించారు. డీవీడీలు వచ్చాక కొన్నిటిలో కత్తిరించకుండా, ముందు ఒక వివరణ జోడించారు. ఇవి అప్పుడూ తప్పే, ఇప్పుడూ తప్పే, లేనట్టు నటించడం ఇంకా తప్పు అన్నది దాని సారాంశం. మా మాట కూడా అదే. కాళ్లకు రంగు మార్చినంత మాత్రాన చరిత్ర మారదు. పోతే ఈ విషయంలో మనం పై నుంచి చూస్తూ తీర్పు చెప్పే స్థితిలో లేము. నత్తిని, నల్లటి ఒంటిని, లావుని, పనివాళ్లని చూపించి నవ్వించిన తెలుగు సినిమాలు లెక్కలేనన్ని. వాటి ముందు అలాంటి వివరణ మాకైతే కనబడలేదు.

మన దగ్గర ఈ జోడీ ఇళ్లలోకి వచ్చింది కేబుల్‌తో. 1986లో టెడ్ టర్నర్ ఎంజీఎంని కొని, కంపెనీని వదిలేసి సినిమాల భాండాగారం మాత్రం ఉంచుకున్నాడు. ఇలా చేతికొచ్చిన కార్టూన్లు నడిపించుకోవడానికే 1992లో అమెరికాలో కార్టూన్ నెట్‌వర్క్ పెట్టాడు. 1995లో అది భారతదేశానికి వచ్చింది. పగలంతా కార్టూన్లు, రాత్రయ్యేసరికి అదే చానల్లో పాత హాలీవుడ్ సినిమాలు. బడి నుంచి రాగానే సంచి మూలకు గిరాటేసి టీవీ ముందు కూలబడిన తెలుగు పిల్లలు చూసినవి అప్పటికే యాభయ్యేళ్ల నాటి సినిమాలు. ఎవరూ పాతవనలేదు. వంటింట్లోంచి పోపు గరిటెతో వచ్చిన అమ్మమ్మ గుమ్మంలో నిలబడి చూసి, పోపు మాడ్చుకున్న ఇళ్లు కూడా ఉన్నాయి. ఆవిడకు ఇంగ్లీషు రాదు. అవసరమూ పడలేదు. మిగతా కార్టూన్లకు డబ్బింగులు కావలసి వచ్చాయి, దీనికి మాత్రం అక్కర్లేకపోయినా మన కుర్రాళ్లే ఇప్పుడు యూట్యూబ్‌లో గోదావరి యాస, తెలంగాణ యాస పెట్టి ఆడుకుంటున్నారు.

హైదరాబాద్‌కి ఈ రంగంతో సంబంధం చూడటం దగ్గరే ఆగలేదు. 2008లో పోగో చానల్లో మొదలైన ‘ఛోటా భీమ్’ని తీసింది ఇక్కడి గ్రీన్ గోల్డ్ యానిమేషన్. దేశమంతా పిల్లలు లడ్డూ తిని బలం తెచ్చుకునే ఆ కుర్రాడి వెనకపడ్డారు. అది చిన్న విజయం కాదు. కానీ ఛోటా భీమ్ వస్తున్నప్పుడు తాత లేచి వెళ్లిపోతాడు. అందులో మంచివాడు మంచివాడే, చెడ్డవాడు చెడ్డవాడే, చివర్లో మంచి గెలుస్తుంది, అది మొదటి నిమిషంలోనే తెలుస్తుంది. ఇది ఒక్క సంస్థ లోపం కాదు, ఇవాళ చానళ్లు అడిగేదే అది. నాలుగు నుంచి ఏడేళ్లవాళ్లకు ఒకటి, ఏడు నుంచి పదకొండువాళ్లకు ఒకటి అని వయసులు కోసి పంచుతున్నారు. పెద్దలు చూడరన్న నమ్మకంతో తీస్తే పెద్దలు చూడరు. ముళ్లపూడి వెంకటరమణ ‘బుడుగు’ను ఏ వయసు వాళ్లకని కోసి పంచగలం? పిల్లలు బుడుగు అల్లరికి నవ్వారు, పెద్దలు బుడుగు కళ్లతో తమ మొహాలు చూసుకుని నవ్వారు. ఆ చేత్తో ఒక్క ఏడు నిమిషాల బొమ్మల సినిమా హైదరాబాద్‌లో ఎవరైనా తీస్తే చూడాలని ఉంది. సంగీతానికి మనుషులు కావాలంటే చెన్నై దాకా కూడా పోనక్కర్లేదు ఇప్పుడు.

ఖర్చు అవుతుంది, నిజమే. లెక్కలు చూసేవాళ్లు వద్దంటారు. ఎంజీఎంలో కూడా మొదట వద్దన్నారు, చివర్లోనూ వద్దన్నారు. మధ్యలో ఆ పద్దెనిమిదేళ్లలో 114 సినిమాలు వచ్చాయి. వాటిలో 1944 నాటి ‘ద మిలియన్ డాలర్ క్యాట్’ ఒకటి. ఎవరో ధనవంతురాలు పోతూ పోతూ టామ్ పేర పదిలక్షల డాలర్లు రాస్తుంది. ఒకే షరతు: ఏ ప్రాణికీ హాని చేయకూడదు, ఎలుకక్కూడా. చేస్తే డబ్బు పోతుంది. టామ్ మేడలో చేరతాడు. జెర్రీ వెంటే వచ్చి పరుపు మీద, బల్ల మీద, కారులో, అన్నిచోట్లా వాడి మొహం మీదే ఆడుకుంటాడు. చేయి ఎత్తినప్పుడల్లా ఆ షరతున్న కాగితం చూపిస్తాడు. టామ్ చాలాసేపు ఓర్చుకుంటాడు. చివరికి కాగితం చింపేసి జెర్రీ మీద పడి ఇల్లంతా తిరగేస్తాడు. ఆ రభస మధ్యలోనే ఒక్కసారి మన వైపు తిరిగి, పదిలక్షలు పారేస్తున్నాను గానీ నాకిప్పుడు సంతోషంగా ఉందని చెప్పి, మళ్లీ పనిలో పడతాడు.